ఎర్రరంగు పడిన గొర్రెలు

బెళుగుప్ప దాటినాక వచ్చే ఒక చిన్న ఊళ్లో దాదాబీకి ఇరవై గొర్రెలు. మగడు పోయినప్పటి నుంచి ఆమె బతుకంతా వాటి వెంటే. పోయినేడు తొలివానకు మొలిచిన పచ్చిగడ్డి మేసి, చిటుకు రోగం తగిలి, పూటలోనే నాలుగు పడిపోయాయి. అందుకే ఈసారి వానకు ముందే సూదులు వేయమని పశుసఖి చంద్రికకు తానే కబురు పంపింది.

చంద్రిక పొద్దున్నే మందుపెట్టె భుజానేసుకుని వచ్చింది. రాగానే కుంటుతున్న గొర్రె గిట్టలోంచి ముల్లు తీసి పసుపు అద్దింది. అల్లా ఈ పిల్లను చల్లగా చూడాల అనుకుంది దాదాబీ. ఆ మాట మనసులో ఎంతోసేపు నిలవలేదు. సూది వేసిన ప్రతి గొర్రె వీపునా చంద్రిక ఎర్రరంగు పూస్తోంది! సంతలో ఎర్రరంగు పూసేది వ్యాపారి, బేరం కుదిరినాక. రంగు పడిందంటే గొర్రె పరాయిదే. పైగా చంద్రిక బావ లింగప్ప గొర్రెల వ్యాపారి.

"యేమ్మా, రంగెందుకు?"

"సూది ఏసినవి గుర్తుండాల గదా పెద్దమ్మా."

"నీకా, మీ బావకా?"

"అయ్యో! ఆయప్పకూ దీనికీ ఏం సంబంధం?"

అప్పటికి పది గొర్రెలకు సూదులు వేయడం అయింది. "చాలు, మేతకు పొద్దుపోతాంది," అని దాదాబీ మందను తోలుకుపోయింది.

"బుడ్డి తెరిచినాను, మందు ఈపొద్దే అయిపోవాల. సరిగ్గా మిగిలిన పది గొర్రెలకే ఉండాది. ఈడనే కూసోనుంటా," అని చంద్రిక వెనక నుంచి కేకేసింది.

బోరు తొట్టి దగ్గర దాదాబీ సబ్బుతో రుద్దితే రంగు జాడ లేకుండా పోయింది. నీళ్లు చూసి మిగిలినవీ ఎగబడ్డాయి. ఇరవైయ్యీ తడిసి ఒకే తీరుగా నిలబడ్డాయి. అప్పుడే పడమట ఉరిమింది. ఆమెకు పోయినేటి నాలుగూ కళ్లముందు మెదిలాయి. మందను ఇంటికి మళ్లించింది.

తిరిగొచ్చేసరికి చంద్రిక చూరు కింద కూర్చునే ఉంది. గొర్రెలకని కుడితితొట్టి నింపి పెట్టింది. ఇంత మంచితనం ఎందుకో అని దాదాబీకి అదీ అనుమానమే.

"రంగంతా యాడ పోయింది?" అని చంద్రిక లేచింది.

"కడిగేసినా."

"ఇంగ యేది ఏసినదో నాకెట్ల తెలుస్తాది? ఒగటి మారినా ఇంగోదానికి మందుండదు."

"నాకు తెలుసు. మూతి చూస్తే చెప్తా."

"నీ మాటే నమ్మాల్నా?"

చూపించడానికి దాదాబీ దగ్గరా ఏ గుర్తూ లేదు, ఒట్టి మాట తప్ప. మాట ఎంత చులకనగా కనబడుతుందో ఆమెకు అప్పుడు తెలిసింది.

చంద్రిక ఆమె ముఖం చూసి, సూదిలోకి మందు తీసింది. "సరే. పట్టుకో పెద్దమ్మా."

దాదాబీ మొండిచెవి గొర్రెను మోకాళ్ల మధ్య బిగించి పట్టింది. "దీనికి ఏయలేదు. అల్లా తోడు," అంది. చూపు మాత్రం చంద్రిక చేతుల మీది నుంచి తీయలేదు.