పొట్ట మీద పడుకుని చూసిన పూలు

ఎనభై ఒకటో సంవత్సరం డైరీ తెరిస్తే ఇప్పటికీ వేళ్ళకు ఇసుక తగులుతుంది. ఎన్నిసార్లు దులిపానో, ఎన్ని ఇళ్ళు మారానో! ఇప్పుడు ఎడిసన్ ఊళ్ళో కిటికీ పక్కన కూర్చుని తీసినా మార్చి నెల దగ్గర కాగితాలు గరగరలాడతాయి. ఆ ఇసుక అరిజోనాది. అది నా డైరీలోకి ఎక్కడానికి కారకులు రామనాథంగారు.

ఫీనిక్స్‌లో నేను చేరిన ఇంజనీరింగ్ ఆఫీసులో ఆయన నా పైఅధికారి. తెనాలి మనిషి, భారీ విగ్రహం. నా డ్రాయింగుల మీద సంతకం పెట్టేముందు సైట్‌కి వెళ్ళి చూసి రమ్మనేవారు. ‘లెక్క సరిపోయిందండీ’ అంటే, ‘నీకు సరిపోయిందయ్యా సత్యం. గోడని అడిగావా?’ అనేవారు. నాకు ఒళ్ళు మండేది. లెక్క ఉండగా గోడని అడగడమేమిటి?

ఆ ఏడు జనవరిలో నా భార్య శారద వచ్చింది. ఆమె పుట్టిల్లు కడియం. పూలతోటల మధ్య పెరిగిన పిల్లకి మా ఇంటి ముందు గులకరాళ్ళు పరిచిన జాగా, అందులో ఒక ముళ్ళ చెట్టు చూపించాను. రెండు నెలలు గడిచినా ముఖంలో నవ్వు లేదు. ఒక రోజు కాఫీ ఇస్తూ తేల్చి చెప్పింది: “ఈ దేశంలో ఒక్క పువ్వు చూపించండి. లేకపోతే జూన్‌లో నాకు టికెట్ బుక్ చేసేయండి. నేను ఉండలేను.”

నా దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. అంతకు ముందు ఏడు మార్చి మూడో శనివారం సైట్ నుంచి వస్తూ ఎడారిలో ఒక కొండ మొత్తం నారింజ రంగు పూలతో నిండి ఉండడం చూశాను. మైలు రాయి నంబరుతో సహా డైరీలో ఉంది. కాబట్టి ఈ ఏడు కూడా మూడో శనివారం, అదే మైలు. రామనాథంగారు తన స్టేషన్ వాగన్ తెస్తానన్నారు. ఆయన భార్య ఎండకు భయపడి తాను రాకుండా, పులిహోర, పెరుగన్నం కట్టిచ్చారు. తిరిగొచ్చేసరికి అలసిపోతానేమోనని, బయల్దేరే ముందే ఆ రోజు డైరీ రాసేశాను.

చెప్పిన వేళకు చేరాం. కొండ ఉంది. పువ్వు లేదు. మైలు రాయి మళ్ళీ చూసుకున్నాను. కారు వెనక్కి పోనిమ్మని ఇంకోసారి వచ్చాం. మట్టి, రాళ్ళు.

“ఇదే కొండండీ,” అన్నాను.

“కొండ తప్పు కాదులే. పోయినేడు వానలు దంచాయి. ఈ ఏడు నాలుగు చినుకులు. నీ డైరీ వానకి చూపించావా?” అన్నారు రామనాథంగారు.

శారద ఈలోగా సీటు మీది డైరీ తీసింది. “‘పది గంటల పది నిమిషాలు. కొండంతా పూలు. శారద చాలా సంతోషించింది,’” అని పైకి చదివి, “ఎప్పుడండీ?” అని అడిగింది.

రామనాథంగారి నవ్వుకు బండి ఊగింది. శారద నవ్వలేదు. నా జేబులోంచి పెన్ను తీసుకుని ఆ మూడు వాక్యాలూ శుభ్రంగా కొట్టేసింది. “జూన్ మొదటి వారమైతే బాగుంటుంది,” అంది.

పన్నెండవుతూంటే రోడ్డు పక్క కారు నీడలో భోజనాలు చేశాం. చేతులు కడుక్కోవడానికి శారద చెంబు తీసుకుని పది అడుగులు వెళ్ళి ఒక రాయి పక్కన చతికిలబడింది. ఎంతకీ లేవలేదు. ఏడుస్తోందేమోనని భయపడ్డాను.

“బాబాయిగారూ, ఇలా రండి,” అని రామనాథంగారిని పిలిచింది. నన్ను పిలవలేదు.

రాయి మొదట్లో కాస్త చెమ్మ నిలిచిన చోట ఊదారంగు పూలు, ఒక్కొక్కటీ కందిగింజంత. రామనాథంగారు రెండో మాట లేకుండా ఆ భారీ శరీరాన్ని పొట్ట మీద పరిచేశారు. “నిలబడితే ఇసుకేనయ్యా సత్యం. పడుకో,” అన్నారు. ఇస్త్రీ చొక్కాతో పడుకున్నాను. పువ్వు మధ్యలో పసుపు చుక్క ఉంది. రేకుల మీద గీతలున్నాయి.

ఇంతలో బ్రేకులు కీచుమన్నాయి. హైవే పోలీసు పరుగెత్తుకొచ్చాడు. “సార్! గుండె నొప్పా? అంబులెన్స్ పిలవనా?”

రామనాథంగారు తలెత్తకుండానే ఇంగ్లీషులో, “పూలు చూస్తున్నాం ఆఫీసర్. మీ నీడ పడుతోంది, కాస్త జరగండి,” అన్నారు.

అతను జరిగాడు. వంగాడు. టోపీ తీసి మోకాళ్ళ మీదికి, ఆపైన మోచేతుల మీదికి దిగాడు. “పదకొండేళ్ళుగా ఈ రోడ్డు మీదే తిరుగుతున్నాను,” అన్నాడు మెల్లగా.

అప్పుడు నవ్వింది శారద. చెంబు పక్కన పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వింది. “మా కడియంలో తోటలకి తోటలున్నా ముగ్గురు మగాళ్ళు ఇలా సాష్టాంగపడగా చూడలేదు బాబాయిగారూ!”

తిరుగు దారిలో డైరీ మళ్ళీ అడిగి తీసుకుంది. కొట్టేసిన వాక్యాల కింద ఆమె రాత ఇప్పటికీ ఉంది: ‘కందిగింజంత పూలు. పదిహేడు. టికెట్ సంగతి తరవాత చూద్దాం.’ ఇసుక ఆమె చేతులదే.

రామనాథంగారు పోయి చాలాకాలమైంది. ఆ రోజు నుంచి నేను ఏ రోజు డైరీ ఆ రోజు ముగిశాకే రాస్తున్నాను. శారద గురించి రాయాలంటే ఆమెను అడిగి రాస్తాను. ఇక వసంతం వస్తే ఇక్కడి పార్కు గడ్డిలో పొట్ట మీద పడుకుంటాను. దారిన పోయేవాళ్ళు ఫోన్లు తీస్తారు, బాగానే ఉన్నానని చెయ్యి ఊపుతాను. పడుకోవడం తేలికే. లేవాలంటే మాత్రం బెంచీ మీంచి శారద వచ్చి భుజం పట్టుకోవాలి. ఆమె తాపీగా వస్తుంది. వచ్చేదాకా పూలు లెక్కపెడుతూ ఉంటాను.