తుడిచిన వ్యాగన్

ఏ ఊరు వెళ్లినా ఆగి ఉన్న గూడ్సు బండ్లను చూడటం, వాటి తుప్పును ఇంట్లో నేను చేసుకునే బుల్లి వ్యాగన్ల మీదికి దించడం నాకున్న పిచ్చి. ఇంకా సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ రాని రోజుల్లో, ఒకసారి బాపట్ల నుంచి వచ్చి తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. పక్క లైనులో పాత వ్యాగన్లు నిలబడి ఉన్నాయి. నా చేతిలోనూ ఒకటుంది, అరచేతిలో పట్టేంతది. ఇటుక పొడి, బొగ్గు పొడి అద్ది దానికి తుప్పు తెప్పించడానికి నెల పట్టింది. పైన వార్నిష్ పూయడం ఒక్కటే మిగిలింది. బండి దిగి అసలు వ్యాగన్‌ను దగ్గరగా చూడాలనిపించింది. సంచిలో పెడితే పొడి రాలుతుందని, ఎదురుగా కూర్చున్నావిడకు ఇచ్చాను.

"కాస్త పట్టుకోమ్మా, ఇప్పుడే వస్తాను."

తిరిగొచ్చేసరికి వ్యాగన్ కొత్తదానిలా మెరుస్తోంది. ఆవిడ చీర కొంగు ఎర్రగా మాసిపోయి ఉంది.

"ఏంటమ్మా ఇది!" అని అరిచినంత పని చేశాను.

"దుమ్ము కొట్టుకుపోయింది అన్నయ్యగారూ, తుడిచాను. మీ బాబుదాండి?"

ఆవిడ చక్రాల సందుల్లోకి కొంగు కొస పోనిచ్చి ఇంకా తుడుస్తూనే ఉంది.

"మావాడి బొమ్మలు కూడా రోజూ తుడుస్తానండి. వాడు పోయాక వాటితో ఆడేవాళ్లు లేరు. దుమ్ము మాత్రం పడుద్ది."

రేపల్లె వచ్చింది. దిగేటప్పుడు వ్యాగన్‌ను నా చేతిలో జాగ్రత్తగా పెట్టి వెళ్లిపోయింది.

దానికి మళ్లీ తుప్పు వేయలేదు. బీరువా మీద పెట్టి రోజూ తుడుస్తున్నాను. ఎంత తుడిచినా, మర్నాటికి మళ్లీ దుమ్మే.