జీన్ అడిగే ప్రశ్న

ముందే చెప్పేస్తున్నాను, నేను చీమను చూసి ఏనుగని రాసే రకం. మా ఆవిడ సుజాత నా మాటల్లో సగం కొట్టేసి, మిగిలిన దాంట్లో సగం నమ్ముతుంది. మీరూ అలాగే చదువుకోండి.

మొన్న జీపీ సర్జరీలో, అంటే మా డాక్టరు క్లినిక్‌లో, నర్సు నా చేతికి బీపీ పట్టీ చుట్టి, చూసి, చర్రున ఊడదీసింది. ఆ చప్పుడుకు గదిలో జీన్ నిలబడి ఉన్నట్టే అనిపించింది.

జీన్ మిడ్‌వైఫ్, ఇంటింటికీ తిరిగి గర్భిణులను చూసే మంత్రసాని. అప్పట్లో మేము ఇంగ్లండులో, లీడ్స్‌కు ఉత్తరాన, గొర్రెలు తప్ప ఓటర్లు లేని ఊళ్లో ఉండేవాళ్లం. గర్భిణులను చూసే క్లినిక్ మూతపడింది. మిగిలింది జీన్, ఆమె పాత కారు. ఇంగ్లండులో సగం కాన్పులు ఆమెవే. మనిషి తాటిచెట్టంత, గుమ్మంలో నిలబడితే ఇంట్లో వెలుతురు తగ్గేది. చిన్న చెక్క బూర ఒకటి కడుపు మీద ఆనించి, చెవి పెట్టి బిడ్డ గుండె వినేది. ఆమె వింటున్నంతసేపూ మా గోడ గడియారం ఆగిపోయేది.

ఆమె ఎవరినీ ఎలా ఉన్నావని అడిగేది కాదు. "ఈ మధ్య ఏం మానేశావు?" అనేది. ఎందుకలా అంటే, "ఎలా ఉన్నావంటే అందరూ బాగున్నామనే అంటారు, లవ్," అని చెప్పింది. అక్కడ పోస్టు తెచ్చేవాణ్ని కూడా లవ్ అనే పిలుస్తారు, కంగారుపడకండి.

ఎనిమిదో నెలలో సుజాత హాలు మూలకేసి చూడడం మొదలుపెట్టింది.

"ఏమండీ, అక్కడ దీపం ఎవరు పెట్టారు?"

"ఏ దీపం?"

"అదిగో, మిణుకుమిణుకుమంటంది."

అక్కడ చీపురు తప్ప ఏమీ లేదు. పాతకాలపు ఇల్లు కదా, నేను హుషారుగా ఆ దీపం పట్టుకున్న ముసలమ్మ దెయ్యాన్ని ఒకదాన్ని పుట్టించి, ఫోన్లో మా అత్తగారికి కథ వినిపించాను. ఆవిడ మూలన నిమ్మకాయ పెట్టమన్నారు. పెట్టాను. దీపం పోలేదు సరికదా, సుజాత ఎటు తిరిగితే అటే రావడం మొదలైంది.

జీన్ రావలసిన రోజు ఇంకా చాలా దూరంలో ఉంది. ఒక మధ్యాహ్నం, పొగమంచు కిటికీలకు ముఖం ఆనించి లోపలికి చూస్తున్న వేళ, తలుపు చప్పుడైంది. జీన్.

"ఇటు వెళ్తూ ఆగాను," అంది. కోటు విప్పకుండానే సుజాత ఎదుట కూర్చుంది. "ఏం మానేశావు?"

"ఏం లేదు. ఐయామ్ ఫైన్," అంది సుజాత, కాళ్లు సోఫా కిందికి లాక్కుంటూ.

జీన్ కదల్లేదు. ఆమె చూపుకు తట్టుకోలేక సుజాత నాతో తెలుగులో గొణిగింది. "మెట్టెలు తీసేశానండీ. వేళ్లకి పట్టట్లేదు. మా అమ్మకి చెప్పకండి, పురిటికి ముందు తీస్తే కీడంటది."

ఇంట్లో కూడా ఊలు సాక్సులు ఎందుకు వేసుకుంటోందో అప్పుడు తెలిసింది. చలికనుకున్నాను. నేను ఇంగ్లీషులో చెప్పగానే జీన్ ఒక సాక్సు లాగేసి, పాదం మీద వేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

"ఇంకా?"

"ఇంకా, మూలన దీపం," అన్నాను నవ్వుతూ. జీన్ నవ్వలేదు.

"కళ్లు మూసుకో, లవ్. పోయిందా?"

సుజాత కళ్లు మూసుకుంది. చాలాసేపటికి, "లేదు," అంది. "లోపల కూడా ఉంది."

జీన్ పట్టీ చుట్టింది, చూసింది, చర్రున తీసింది, మళ్లీ చుట్టింది. బీపీ విపరీతంగా పెరిగిందనీ, ఆ వెలుగు దాని పనేననీ నాకు మెల్లగా చెప్పింది. ఫోన్ చేస్తే, అంబులెన్సు రావడానికి చాలాసేపు పడుతుందన్నారు.

"కారు తియ్యి. ఆమె పక్కన నేను కూర్చుంటాను. నువ్వు మాట్లాడకుండా నడుపు."

నాతో ఆ మాట అని నెగ్గినది ఆమె ఒక్కతే. మంచులో గొర్రెల కళ్లు మెరుస్తుంటే, అవి కూడా దీపాలేనేమోనని నాకు భయం వేసింది. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదని ఆసుపత్రిలో డాక్టరు తర్వాత చెప్పింది. నా గుప్పిట్లో పట్టేంతగా పుట్టిన ఆ పిల్ల ఇప్పుడు, "డాడ్, దట్స్ నాట్ ఈవెన్ ట్రూ," అంటూ నా కథలకు అడ్డుపడుతుంది.

జీన్ రిటైరైంది. ఆ కొండలకు మరో మిడ్‌వైఫ్ రాలేదు. ఆమె ప్రశ్న మాత్రం నేను తెచ్చుకున్నాను. ఆఫీసులో ఎవరైనా బాగున్నానంటే, ఏం మానేశావని అడుగుతాను. చాలామంది నవ్వేస్తారు. ఒకాయన మాత్రం కాఫీ కప్పు కింద పెట్టి, "నిద్ర," అన్నాడు. ఆ రోజు ఆయనతోనే ఉండిపోయాను.

ఇక, కల్పించిందేమిటో ఒప్పుకోవాలి. తాటిచెట్టునూ గడియారాన్నీ మీరే కొట్టేసి ఉంటారు. దీపం నిజం. పాదం మీద గుంట నిజం. ఇటు వెళ్తూ ఆగానని జీన్ అనలేదు, ఆ మాట నాది. మా రోడ్డు మా గుమ్మం దగ్గరే ఆఖరు. ఆ తర్వాత బురద, కొండ. ఎవరూ ఎక్కడికీ ఇటు వెళ్లరు. ఆ రోజు ఎందుకొచ్చావని తర్వాత అడిగితే, ఆమె నన్ను వింతగా చూసి, "ఫోన్ చేసింది మీరేగా," అంది.

మేము చేయలేదు.