పొర మళ్ళీ వచ్చింది

దవాఖానలో పెద్ద డాక్టరు మా అక్క కళ్ళలోకి లైటు వేసి చూసి, "లోపలి పొర ఎండిపోతోంది, దీనికి మందు లేదు" అని నాయనతో అన్నాడు. నాయన చెవిన పడింది పొర ఒక్కటే. మా ఇళ్ళలో పొర అంటే ముసలివాళ్ళ కంట్లో వచ్చే తెల్లటి పొర. ముదిరాక తీసేస్తారు, చూపు వస్తుంది. "పొరనే గదా, ముదరనీ, తీసేస్తరు" అని రిక్షాలో నాంపల్లి దాకా అక్కకు చెబుతూనే ఉన్నాడు.

అప్పటికే అక్కకు మసక పడితే గోడలు తగిలేవి. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో అన్ని దీపాల మధ్య కూడా నా చెయ్యి పట్టుకునే నడిచేది. చూపు ఇంకొంచెం తగ్గినప్పుడల్లా పొర ముదురుతోందని సంబరపడేది. ఆ సంబరం చూడలేకపోయేదాన్ని.

నేను సైన్సు చదివింది, కంటి లోపలి ఆ పొర, రెటీనా మీద రీసెర్చిలో చేరింది అక్క కోసమే. "నీది తీసే పొర కాదక్కా, చూసే పొర" అని ఎన్నోసార్లు చెప్పాను.

"చూసేది కన్ను గదనే, పొరెట్ల చూస్తది?" అని నవ్వేది. ఇంత చదివీ ఇంట్లో ఒక్క మాటను గెలవలేకపోయానని నాకు ఒళ్ళు మండేది.

డెబ్బైల్లో మా లాబ్‌లో తోకకప్పల, అంటే తోక ఊడని కప్పపిల్లల కళ్ళతో పని. రెటీనా తీసేస్తే, దాని వెనకున్న నల్లటి కణాలే మారి కొత్తది కట్టేవి. ఇప్పుడు మూలకణాలని అందరూ అంటున్నారు, అప్పుడు ఆ మాట మా నోట్లో కూడా లేదు. మైక్రోస్కోపు కింద ఆ కొత్త కణాల వరస మొదటిసారి చూసిన రోజు, ఆబిడ్స్‌లో బస్సు కోసం ఆగలేక నడిచే ఇంటికి వచ్చేశాను.

అక్క గడపలో కూర్చుని తడుముకుంటూ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"అక్కా, కప్పపిల్లకు పొర మళ్ళ వచ్చింది."

అక్క చేతులు ఆగిపోయాయి. "తీసినంక గూడ వచ్చిందా?"

"ఔ, మొత్తం తీసేసినా వచ్చింది." ఆ మాట అక్కకు ఎలా వినిపిస్తుందో సంతోషంలో నాకు తట్టలేదు.

అక్క చేతిలోని కాయ పక్కన పెట్టేసింది. "గట్లయితే నాకు తీసి ఏం ఫాయిదా చెల్లె? వద్దని నాయనకు చెప్పు" అంది.

కాదక్కా అనబోయాను. కాదంటే తర్వాత ఏం చెప్పాలి? వచ్చింది కప్పకే, నీకు రాదనా? నీ కంట్లో తీసే పొరే లేదనా? పక్కన కూలబడి ఏడ్చాను.

అక్క నా వీపు నిమిరింది. "ఊకో. గా కప్పపిల్లకు గూడ నా తిప్పలే వచ్చె, పాపం" అంది.