ముందు పళ్ళ మీది గాడి

2011 జనవరిలో నారాయణగూడలోని ఒక డెంటల్ ల్యాబ్‌లో సీనియర్ టెక్నీషియన్‌గా చేరాను. అప్పటికే ఈ పనిలో ఇరవై ఆరేళ్ళు గడిచాయి. ల్యాబ్‌లో హోదాలు ఇలా ఉంటాయి: కొత్తగా వచ్చినవాళ్ళు ప్లాస్టర్ కలుపుతారు, జూనియర్లు మైనంలో పళ్ళు అమరుస్తారు, సీనియర్ ఆఖరి పని చేసి చీటీ మీద సంతకం పెడతాడు. నాకు ఇంకో బాధ్యత కూడా అప్పగించారు. డాక్టర్ల దగ్గర్నుంచి తిరిగొచ్చిన కట్టుడు పళ్ళను పరీక్షించి, తప్పు ఎక్కడ జరిగిందో తేల్చాలి. అచ్చు తీసిన డాక్టర్‌దా, మాదా, లేక పేషెంటు చిగుళ్ళలోనే తేడా ఉందా అని. ఆ పని నాకు బాగా వచ్చుననే అనుకునేవాణ్ణి.

తిరిగొచ్చేవాటిలో ఎక్కువ రిలైన్ కేసులే. పళ్ళన్నీ పోయినవాళ్ళకు చిగురు ఏటేటా కరుగుతూనే ఉంటుంది. కట్టుడు పళ్ళ సెట్టు మాత్రం మొదట ఎట్లా చేశామో అట్లాగే ఉంటుంది. దాంతో మధ్యలో సందు ఏర్పడి సెట్టు లూజవుతుంది. అప్పుడు డాక్టర్ ఆ సెట్టు లోపలి వైపు పేస్టు పూసి, నోట్లో పెట్టి కొత్త అచ్చు తీస్తారు. మేము ఆ పేస్టు తీసేసి, అంతమేర గులాబీ రంగు అక్రిలిక్ నింపి, ఫ్లాస్కు అనే లోహపు పెట్టెలో బిగించి, వేడినీళ్ళలో ఉడికించి గట్టిపరుస్తాం. పళ్ళు పాతవే, చిగురుకు ఆనే భాగం కొత్తది. చెప్పడానికి ఇంతే. ఫ్లాస్కు రెండు సగాలు పూర్తిగా మూతపడకపోతే మధ్యలో అక్రిలిక్ పొర మిగిలి పళ్ళు ఎత్తు పెరుగుతాయి. తొందరపడి ఉడికిస్తే సెట్టు వంకరపోతుంది.

2012 ఫిబ్రవరిలో చిక్కడపల్లి నుంచి ఒక డాక్టరమ్మ పై పళ్ళ పూర్తి సెట్టు ఒకటి పంపారు. చీటీ మీద లూజు, రిలైన్, అర్జంటు అని మూడే మాటలు. పేషెంటును యాదగిరి అందాం, అసలు పేరు ఎందుకు లెండి. ముషీరాబాద్‌లో ఉండేవాడు, యాభై దాటిన మనిషి, పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ ఊదేవాడు. ముహూర్తాలు జోరుగా నడుస్తున్న రోజులవి. ఆ సీజన్‌లో ఊదగలిగితేనే బ్యాండులో ఆయన చోటు ఆయనకు ఉంటుంది, లేకుంటే వేరేవాడు వస్తాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు కనిపించింది ప్లాస్టిక్ డబ్బాలోని సెట్టు మాత్రమే. ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళం పేషెంటు ముఖం చూడం, అది మా వృత్తిలో రివాజు.

సెట్టు తిప్పి చూస్తే నడిమి రెండు పళ్ళ అంచు అరిగి, నున్నగా గాడి పడి ఉంది. గోళ్ళు కొరికే అలవాటేమో, వక్కలు కొరుకుతాడేమో అనుకున్నాను. అరిగిన పళ్ళతో సెట్టు వెనక్కి పంపితే మన పనికి పేరేం ఉంటుందని, ఎవరూ చెప్పకుండానే ఆ రెండు పళ్ళూ తీసేసి కొత్తవి అతికించాను. పాతవి ప్లాస్టర్ చెత్తలో పడేశాను. రిలైన్ అయ్యాక సెట్టును వెలుతురులో తిప్పి చూసుకుని మురిసిపోయాను కూడా. ఎవడడిగిండు నన్ను? ఈ ప్రశ్న ఆ తర్వాత ఎన్నిసార్లు వేసుకున్నానో లెక్కలేదు.

నాలుగో రోజుకు సెట్టు తిరిగొచ్చింది, నిలవడం లేదని. ప్లాస్టర్ నమూనా మీద పెట్టి, ఒకసారి ఎడమవైపు, ఒకసారి కుడివైపు వేలితో నొక్కి చూశాను. ఊగలేదు. అంగిలి చివర గాలి చొరకుండా ఉండాల్సిన అంచు కూడా సరిగ్గానే ఉంది. ల్యాబ్ లోపం లేదని రాసి పంపాను. డాక్టరమ్మ పాపం మళ్ళీ అచ్చు తీసి పంపారు.

రెండో రిలైన్ నాడు బెంచీ మీద పని కుప్పగా పడి ఉంది. ఫ్లాస్కును ఒకసారి బిగించాక తెరిచి, అంచుల్లో పొంగిన అక్రిలిక్ కత్తిరించి, మళ్ళీ బిగించి చూడాలి. ఆ రెండో బిగింపు వదిలేశాను. జూనియర్లు వదిలేస్తే చీవాట్లు పెట్టేవాణ్ణి, నేనే వదిలేశాను. పళ్ళు గోరు మందం ఎత్తయ్యాయి. వారం తిరక్కుండా సెట్టు మళ్ళీ వచ్చింది, ఈసారి చిగుళ్ళు పుండ్లు పడ్డాయని. ఎత్తు అరగదీసి సరిచేశాను. చేసి, డాక్టరమ్మకు ఫోన్‌లో ఏమన్నానో తెలుసా? కొందరికి ఏం చేసిపెట్టినా నచ్చదమ్మా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండు రోజులకు, మధ్యాహ్నం, ఆయనే మా మెట్లెక్కి వచ్చాడు. అడ్రసు డాక్టరమ్మే ఇచ్చారట. సన్నటి మనిషి, బ్యాండువాళ్ళ ఎర్ర ప్యాంటు మీద మామూలు చొక్కా, చంకలో గుడ్డ సంచీ. సెట్టు సరిగ్గానే ఉందని నేను మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"లొల్లి పెట్టనీకి రాలే సార్. జర ఒక్కసారి సూడుండ్రి."

సంచీలోంచి క్లారినెట్ ముక్కలు తీసి జోడించి, నోట్లో పెట్టుకున్నాడు. ఊదేటప్పుడు పై ముందు పళ్ళు ఆ గొట్టం మొన మీద గట్టిగా ఆనాలి. ఒక స్వరం నిలబడింది. ఆ వెంటనే మొన నా కొత్త పళ్ళ మీద జారింది, సెట్టు వెనక భాగం అంగిలి వదిలి కిందికి దిగింది, గాలి పక్కల నుంచి బుస్సుమంది. బెంచీల దగ్గర అందరూ పని ఆపేశారు.

"ఈడ గాడి ఉండె సార్," అని వేలితో చూపించాడు. "ఆరేండ్లు ఊదంగ ఊదంగ పడ్డది. మొన దాంట్ల కూసుంటే సెట్టు కదలకపోతుండె. లూజయింది, జర టైటు చేయిండ్రి అన్న. గంతే. గాడి ఎవలు తీసిండ్రు?"

నేనే తీశానని చెప్పాను. ఆయన తిట్టినా బాగుండేది. "మల్ల పెట్టస్తదా సార్?" అని మాత్రం అడిగాడు.

గిర్రున తిరిగే బర్ అనే పనిముట్టుతో గాడి కోశాను. ఆయన ఊదడం, జారడం, నేను మళ్ళీ కోయడం, అలా నాలుగుసార్లు అయింది. ఆరేళ్ళలో ఆయన దవడ తనకు తగ్గట్టు అరగదీసుకున్న వాలు అది, నా అంచనాకు ఎక్కడ అందుతుంది! పైగా కొత్త పళ్ళను నేను వెంట్రుకవాసి ముందుకు పెట్టాను. అందుకే ముందు నొక్కితే వెనక లేస్తోంది. పాత పళ్ళు దొరికితే వాటి కొలతన్నా పట్టుకుందామని చెత్త డబ్బా బోర్లించాను. ఎప్పటి చెత్త, ఎక్కడుంటుంది? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. అప్పటికే ఆయన పెదవి చివర రక్తం కనిపిస్తోంది.

డాక్టరమ్మ చిగుళ్ళు చూసి, మూడు వారాలు సెట్టు పెట్టుకోవద్దన్నారు. ముహూర్తాలు ఎవరి చిగుళ్ళ కోసమూ ఆగవు. ఉత్త చిగురుతో పట్టి రెండు పెళ్ళి బరాత్‌లు ఊదాడట, మూడోదానికి బ్యాండు మాస్టర్ వేరేవాణ్ణి పిలిపించాడు. ఆ తర్వాత నేను మూడో రిలైన్ చేశాను, ఒక్క మెట్టు కూడా వదలకుండా. ఫ్లాస్కు రెండుసార్లు బిగించి, నెమ్మదిగా ఉడికించి, అందులోనే చల్లారనిచ్చి తీశాను. ముందు పళ్ళను కాస్త వెనక్కి జరిపి, గాడి మళ్ళీ కోశాను. సెట్టు అంగిలికి అంటుకుపోయింది. కానీ ఆయన ల్యాబ్‌కు వచ్చి ఊది చూస్తే, పాట సగంలోకి వచ్చేసరికి మొన పక్కకు పోయింది. ఆయన క్లారినెట్ విప్పి, గుడ్డతో తుడిచి సంచీలో పెట్టుకున్నాడు. మెట్లు దిగుతుంటే పిలుద్దామనుకున్నాను. పిలిచి ఏం చెప్పను? నా చేతుల మీద నాకే రోత పుట్టింది.

2013 వేసవిలో ఒకరోజు పట్టపగలు హిమాయత్‌నగర్‌లో రోడ్డు దాటబోతుంటే బరాత్ అడ్డం వచ్చింది. బ్యాండు వెనక స్పీకర్లు పెట్టిన తోపుడు బండి, దాన్ని నెడుతూ యాదగిరి. అదే ఎర్ర ప్యాంటు. ముఖం తిప్పుకుందామనుకున్నాను, ఆలోపే చూశాడు. బండి ఆగినప్పుడు దగ్గరికి వచ్చి, "మంచిగున్నరా సార్?" అన్నాడు. నేను పళ్ళ సంగతి అడగలేకపోయాను. ఆయనే చెప్పాడు.

"పండ్లు ఫస్ట్‌క్లాస్ ఉన్నయ్ సార్. మటన్ గూడ నములుతున్న."

ఎత్తిపొడుపు కాదు. నేను బాధపడుతున్నానని ఆ మాట చెప్పాడు. ముందు నుంచి మాస్టర్ కేకేస్తే పరుగున వెళ్ళి బండి పట్టుకున్నాడు.

ల్యాబ్ పరీక్షల ప్రకారం అది నెగ్గిన కేసు. సెట్టు ఊగడం లేదు, ఎత్తు సరిపోయింది, మనిషి తిండి నమలగలుగుతున్నాడు. నేను నేర్చుకున్నది ఇది: సెట్టు మీద అరుగుదల కనిపిస్తే, ఆ మనిషి ఆ పళ్ళతో ఏం పని చేస్తాడో డాక్టర్‌కు ఫోన్ చేసి అడిగాకే బర్ పట్టాలి. 2014లో రిటైరయ్యేదాకా ప్రతి కేసుకూ అలాగే అడిగాను. యాదగిరికి దానివల్ల ఒరిగిందేమీ లేదు.