పది మంది దగ్గర లేని తుపాకీ

నా పెళ్ళిలో అమ్మ పరకాల దగ్గర ఒక చెలక భూమి నా పేర రాసిచ్చింది. ఏటా అందులో పల్లి విత్తించేదాన్ని. ఏటా కాయ ఊరే వేళకు అడవిపందులు వచ్చి చేనంతా తవ్విపోసేవి. "ఈసారన్న పంట ఇంటికొచ్చిందా బిడ్డా?" అని అమ్మ అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి మాట మార్చేదాన్ని. ఒక్క బస్తా అయినా తెచ్చి అమ్మ ముందు దించాలని నా ఆశ.

మా ఆయనకు హనుమకొండ చౌరస్తాలో బట్టల దుకాణం. నా పోరు పడలేక, పంతొమ్మిది వందల అరవైల మొదట్లో పంట కాపలాకని తుపాకీ లైసెన్సు తెచ్చుకున్నారు. కొనడానికి ఇద్దరం హైదరాబాదు వెళ్ళాం.

తుపాకుల దుకాణం ముసలాయన రెండు రైఫిళ్ళు ముందు పెట్టాడు. ఒకటి మూడు వందల పదిహేను బోరు; బోరంటే తూటా పోయే గొట్టం కొలతట. మన దేశంలోనే తయారయ్యేది, లైసెన్సున్న వాళ్ళలో చాలామంది భుజాన ఉండేది అదే. తూటాలకు వరంగల్ దాటి పోనక్కర్లేదు. రెండోది మూడు వందల పద్దెనిమిది, ఎవరో దొరగారింటి నుంచి అమ్మకానికొచ్చిన విలాయతీది. దాని కర్రపిడి మీద పువ్వుల చెక్కడం.

"దీని తూటాలు ఇప్పుడు వస్తలేవు సేఠ్. ఉన్నది ఈ ఒక్క డబ్బానే. వేరే బోరు తూటా దీనికి పనికిరాదు" అని ముసలాయన దాచకుండా చెప్పాడు.

"ఆ మామూలుదే తీసుకోండ్రి" అన్నాను నేను.

"నీకు ఎర్కలేదు. చౌరస్తాల అందరు పెట్టిన డిజైనే మనం పెడితే గిరాకి మన మెట్టెక్కుతదా? పది మంది తాన లేనిది మన తాన ఉండాలె" అన్నారు మా ఆయన.

చీరలకు పనికొచ్చే తెలివి తుపాకీకి పనికిరాదని చెప్పబోయాను. అప్పటికే ఆయన వేళ్ళు ఆ పువ్వులను పట్టు అంచును తడిమినట్టు తడుముతున్నాయి.

తుపాకీ మా బట్టల దుకాణానికి చేరింది గాని చేనుకు చేరలేదు. జనం దాన్ని చూడడానికి వచ్చి, చాయ్ తాగి, గజం గుడ్డ కూడా కొనకుండా పోయేవాళ్ళు. ఎవరైనా "ఏం బోరు సేఠ్?" అంటే చాలు, ఆయన మురిసిపోయేవారు. తూటాల డబ్బా ఇనప్పెట్టెలో నా గొలుసు పక్కన కూర్చుంది.

కాయ ఊరింది. నాకు ఒళ్ళు మండి ఆయన్ను చేనుకు బయలుదేరదీశాను. పొద్దుగూకే వేళ ఇద్దరం మంచె ఎక్కాం. చెలక అంచున ఒక పంది కనబడింది. ఆయన గురి పెట్టారు, నేను చెవులు మూసుకున్నాను. ఎంతకీ చప్పుడు లేదు.

"గింత పందికి గసొంటి తూటానా? ఖరాబైతది. పెద్దది రానీ."

పెద్దదీ వచ్చింది. "దీని ఎనక ఇంకా పెద్దది ఉంటది, జర ఆగు" అన్నారు. ఈలోగా పిల్లాజెల్లాతో సహా మందంతా పెళ్ళిబంతికి కూర్చున్నట్టు నా పల్లి మీద పడింది. ఆయన తూటా బయటికి తీసి, దస్తీతో తుడిచి, జేబులో వేసుకున్నారు.

ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి నాకు. మంచె దిగి, కింద పడి ఉన్న ఖాళీ గ్యాసునూనె డబ్బాను కట్టెతో బాదుతూ, నోటికొచ్చిన తిట్లు తిడుతూ చేనుకు అడ్డం పడి ఉరికాను. ఆ తిట్లలో సగం పందులకు, సగం మంచె మీది మనిషికి. పందులు వాగు దాటి పోయాయి. పల్లి పీకేదాకా అక్కడే గుడిసెలో ఉండి, రోజూ సాయంత్రం అదే పని చేశాను.

బస్తా వేసుకుని ఇద్దరం అమ్మ దగ్గరికి వెళ్ళాం. అమ్మ ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుని కళ్ళు తుడుచుకుంది. తర్వాత అల్లుడి వైపు తిరిగి, "మస్తు తుపాకి కొన్నరట గదా. ఎన్ని పందులను కొట్టిన్రు?" అని అడిగింది.

గొప్పలు పోవడానికి అంతకంటే మంచి అదను దొరకదు. నేను పళ్ళు కొరుకుతూ చూస్తున్నాను.

"ఒక్కదాన్ని గూడ కొట్టలేదు అత్తమ్మా. తుపాకి మంచె మీదనే ఉన్నది, నేను గూడ మంచె మీదనే ఉన్న. చేను కాపాడింది మీ బిడ్డ" అన్నారాయన, తల దించుకుని.

మా ఆయన మీద నాకు మొదటిసారి ప్రేమ కలిగింది ఆ పూటే అనుకుంటాను. పెళ్ళయి అప్పటికి చాలా ఏళ్ళే అయింది.