వాన లేని ఉరుములు

ఆ ఏడు ఎండాకాలమంతా మా అమ్మ పరుగెత్తుతూనే ఉండింది. కారణం ఉరుములు.

మాది కోలారు బంగారు గనుల్లో కూలీ లైన్ల ఇల్లు. గనులు సర్కారు చేతికి వచ్చి కొన్నేళ్ళయింది. నాన్న పొద్దుటి షిఫ్టుకు గనిలోకి దిగేవాడు. లోపల ఎక్కడైనా బండ ఒత్తిడికి పగిలిందంటే పైన మా ఇళ్ళు కదిలేవి, అల్మారాలో గిన్నెలు గలగలమనేవి. దాన్ని ఏర్ బ్లాస్ట్ అనేవాళ్ళం. ఆ చప్పుడు వినపడితే లైన్లో ఆడవాళ్ళు ఒకరినొకరు ఏమీ అడగరు. పొయ్యి ఆర్పేసి, గనిలోకి దిగే షాఫ్టు గేటు దగ్గరికి పోయి నిలబడతారు. తమవాడు పైకి వచ్చేదాకా అక్కడే.

మామూలుగా మా వైపు ఎండాకాలం సాయంత్రాలు రెండు మూడు మంచి వానలు పడతాయి. ఆ ఏడు మాత్రం తెల్లవారుజామున దుప్పటి కావాలి, మధ్యాహ్నానికి నెత్తి మాడిపోవాలి, రెండు గంటలకల్లా ఆకాశం దడదడమని ఉరమాలి. చుక్క మాత్రం రాలదు! వారాల తరబడి ఇదే తంతు.

మొదటి ఉరుముకే బ్లాస్టనుకుని అమ్మ పరుగు. ఆ తర్వాత ఉరిమిన ప్రతిసారీ పరుగే, సగం కెలికిన రాగి సంగటి అలాగే వదిలేసి. గేటు దగ్గర అమ్మను చూస్తే నాన్నకు తల కొట్టేసినట్టయ్యేది. జతగాళ్ళు ఊరుకుంటారా?

"ఏమప్పా, మాకన్నా ముందు నీ పెండ్లామే హాజరు ఏయించుకుంటా ఉండాదే!"

ఎందుకిలా ఉరుముతోందని లైన్లో రోజూ పంచాయితీ. "ఆ సైనైడ్ దిబ్బ ఉండాదే, అది ఎండకి కాలి సెగ పైకి కొడతా ఉంటే ఆకాశంలో మోడాలు నిలుస్తాయా?" అనేది పక్కింటి పెద్దమ్మ, బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడి గుట్టను చూపిస్తూ. క్యాసంబళ్ళి నుంచి వచ్చిన మా అమ్మ తండ్రి, దుక్కికి వాన లేని ఉక్రోషంతో నేరమంతా అల్లుడి మీదే మోపాడు.

"మీరు భూమికి బొక్కలు కొట్టి అడుగునుండే చల్లదనమంతా బయటికి తోలేసినారు!"

"చల్లదనమా! ఒకనాడు దిగి చూడు మామా, ఒంటిమీద పంచె కూడా నిలవదు" అన్నాడు నాన్న.

మా టీచరమ్మ మాత్రం, పైన వాన పడుతూనే ఉందనీ, కింద గాలి వేడికి దారిలోనే ఆవిరైపోతోందనీ చెప్పింది. ఇంట్లో చెబితే అందరూ విరగబడి నవ్వారు. అది నిజమేనని చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నాను. దిబ్బ సంగతి మాత్రం నాకిప్పటికీ తేలలేదు.

చివరికి నాన్న ఒక ఉపాయం చేశాడు. లోటా నిండా నీళ్ళు పోసి కిటికీలో పెట్టాడు.

"చూడుమే, ఉరుమైతే ఉత్త చప్పుడే. బ్లాస్టయితే నేల కదుల్తాది. ఈ నీళ్ళు కదిలితేనే రా. లేకుంటే ఇంట్లోనే ఉండు."

నీళ్ళను కనిపెట్టే పని నాది. పదేళ్ళ పిల్లను, ఎంత గర్వమో!

మరునాడు మధ్యాహ్నం ఆకాశం నల్లగా మూసుకుపోయి, గుండెలదిరేలా ఉరిమింది. లోటా మీదికి వంగాను. నీళ్ళలో నా ముక్కు చెక్కుచెదరకుండా కనిపిస్తోంది.

"కదల్లేదమ్మా!" అని వెనక్కి తిరిగితే అమ్మ ఏది? పొయ్యి ఆరిపోయి ఉంది. నేనూ పరుగెత్తాను.

సగం దారిలో వడగళ్ళు మొదలయ్యాయి. గేటు దగ్గర అమ్మ ఒక్కతే, కొంగు నెత్తిన వేసుకుని నిలబడి ఉంది. రమ్మంటే రాదు. షిఫ్టు వదిలే వేళ కావస్తోంది, అలాగే నిలబడ్డాం. గనిలోంచి మనుషుల్ని తెచ్చే బోను పైకి వచ్చింది, అందులో నాన్న లేడు. రెండోసారి వచ్చింది, లేడు. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఏడుపొచ్చింది. ఇదంతా ఉత్త ఉరుమేనని తెలిసిన నాకు కూడా భయం వేసింది.

మూడోసారి వచ్చాడు. వడగళ్ళు తెల్లగా పరుచుకున్న నేలను చూసి నోరు తెరిచాడు. అంతలో మమ్మల్ని చూసి మొహం ముడిచాడు.

"లోటాలో నీళ్ళు కదిలినాయా?"

"నేను చూస్తేగా! ఉరిమినాక ఆడ కూర్చోని నీళ్ళు చూసే ఓపిక నాకు యాడుండాది?" అంది అమ్మ.

ఎగతాళికి నోరు తెరిచిన జతగాళ్ళు పక్కకు తప్పుకుని ముందుకు నడిచారు.  నాన్న తన హెల్మెట్ తీసి అమ్మ నెత్తిన పెట్టాడు. "ఇంగ పదండి" అన్నాడు.

దారి పొడుగునా బోడి నెత్తిన వడగళ్ళు పడుతుంటే "అబ్బా! అమ్మా!" అని ఆయన గంతులు. కళ్ళ మీదికి జారే హెల్మెట్‌ను ఎగదోసుకుంటూ అమ్మ ఒకటే నవ్వు. ఆ పూట నాన్న ఎంత ముద్దొచ్చాడో చెప్పలేను.

ఇంటికి రాగానే కిటికీలో లోటా తీసి, నీళ్ళు గటగటా తాగేసి, దాన్ని గిన్నెల్లో బోర్లించాడు.